ఫోన్ అప్‌డేట్ అయ్యాక యాప్ మొరాయిస్తే: ఏ వరుసలో చూడాలి, ఏది అస్సలు నొక్కకూడదు



మా కె.కోటపాడు వైపు ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకి ఇప్పుడు ఫోన్ కూడా ఒక పనిముట్టే. పిడుగుల హెచ్చరికకి దామిని, వాతావరణానికి మేఘదూత్, తెగులు ఫొటో తీసి చూడ్డానికి ప్లాంటిక్స్, ఇంకా జీవామృతం ఎప్పుడు వేశామో, ఏ కస్టమర్‌కి ఎన్ని కిలోలు పంపామో రాసుకునే లెక్కల యాప్. రాత్రి ఫోన్ సిస్టమ్ అప్‌డేట్ అవుతుంది, పొద్దున్నే వీటిలో ఒకటి తెరుచుకోదు. అప్పుడు చాలామంది చేసే పని, యాప్ తీసేసి మళ్లీ వేసుకోవడం. దాంతో రెండేళ్ల లెక్కలు పోవచ్చు. పీజీఎస్ గ్రూపు తనిఖీకి చూపించాల్సిన తేదీలు, ఫొటోలు అందులోనే ఉంటే మళ్లీ ఎక్కడినుంచి తెస్తాం? అందుకే ఈ పాఠం. వీడియోలో చేసి చూపించిన వరుసే ఇక్కడ రాతలో ఇస్తున్నాను.

ముందు కారణం పట్టుకోవాలి

మొక్క ఆకు పసుపు పచ్చగా అయితే ఏం చూస్తాం? కింది ముదురు ఆకులు పసుపైతే నత్రజని లోపం అనుకుంటాం, పై లేత ఆకులు పసుపైతే ఇనుము లోపం అనుకుంటాం. చూడకుండా ఏదో ఒకటి కొట్టేస్తే డబ్బులు దండగ. ఫోనూ అంతే. మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. ఒక్క యాపే ఆగిందా, చాలా యాప్‌లు ఆగాయా?
2. యాప్ అసలు తెరుచుకోవట్లేదా, తెరుచుకుని ఒక పని మాత్రం (లొకేషన్, ఫొటో, హెచ్చరిక) చేయట్లేదా?
3. అదే యాప్ పక్క రైతు ఫోన్‌లో పనిచేస్తోందా?

చాలా యాప్‌లు ఒకేసారి ఆగితే

2021 మార్చిలో ప్రపంచమంతా ఆండ్రాయిడ్ ఫోన్లలో జీమెయిల్‌తో సహా ఎన్నో యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. తప్పు ఆ యాప్‌లది కాదు. యాప్ లోపల వెబ్ పేజీలు చూపించే 'ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ' అనే భాగానికి వచ్చిన అప్‌డేట్‌లో లోపం. గూగుల్ సరిచేసిన వెర్షన్ ఇచ్చాక అన్నీ బాగయ్యాయి. బోరు మోటారు చెడితే ప్రతి మడీ ఎండుతుంది కదా, అలాంటిదే.

కాబట్టి ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. వైఫై గానీ మంచి సిగ్నల్ గానీ ఉన్నచోట ప్లే స్టోర్‌లో వెబ్‌వ్యూ, క్రోమ్, ఆ తర్వాత మిగతా యాప్‌లు అప్‌డేట్ చేయండి. ఫోన్లో కనీసం రెండు మూడు జీబీ ఖాళీ ఉంచండి. పెద్ద అప్‌డేట్ తర్వాత ఒక పూట ఫోన్ నెమ్మదిగా ఉండటం మామూలే, కంగారు పడొద్దు.

తెరుచుకుంటోంది గానీ పని చేయట్లేదంటే

ఇది ఎక్కువగా పర్మిషన్ల గొడవే. సెట్టింగ్స్, యాప్స్, ఆ యాప్ పేరు, పర్మిషన్స్ అని వెళ్లండి.

• లొకేషన్: ఆండ్రాయిడ్ 12 నుంచి 'ఖచ్చితమైన', 'సుమారు' అని రెండు రకాలుంటాయి. 'సుమారు' పెడితే పొలం కొలిచే యాప్ మీ చేను గట్టు చూపించదు, ఊరి చుట్టుపక్కల ఎక్కడో చూపిస్తుంది.

• బ్లూటూత్: తూకం మిషన్, తేమ సెన్సార్ కలపాలంటే ఆండ్రాయిడ్ 12 నుంచి 'దగ్గరలోని పరికరాలు' అనే పర్మిషన్ కూడా కావాలి.

• హెచ్చరికలు: ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసిన యాప్ నోటిఫికేషన్ పంపాలంటే మనల్ని అడగాలి. తీసేసి మళ్లీ వేసినప్పుడు తొందరలో 'వద్దు' నొక్కితే ఆ యాప్ నోరు మూసుకున్నట్టే. పిడుగుల యాప్ విషయంలో ఇది ప్రాణం మీదకొచ్చే సంగతి.

• వాడని యాప్‌లు: కొన్ని నెలలు తెరవని యాప్ పర్మిషన్లను ఫోన్ తనంతట తానే తీసేస్తుంది. మనం ఖరీఫ్‌కి వాడి, మళ్లీ ఖరీఫ్ దాకా తెరవం. ఆ యాప్ పేజీలోనే కింద, వాడకపోతే పర్మిషన్లు తీసేసే స్విచ్ ఉంటుంది. ముఖ్యమైన వాటికి అది ఆపేయండి.

• బ్యాటరీ: హెచ్చరికలు ఆలస్యంగా వస్తుంటే బ్యాటరీ సెట్టింగ్‌లో ఆ యాప్‌ని 'అన్‌రిస్ట్రిక్టెడ్' చేయండి. లేకపోతే ఫోన్ దాన్ని నిద్రపుచ్చుతుంది.

కాష్ వేరు, డేటా వేరు

ఇక్కడే జాగ్రత్త. 'క్లియర్ కాష్' అంటే కళ్లం ఊడ్చినట్టు, చెత్త మాత్రమే పోతుంది. 'క్లియర్ డేటా' లేదా 'క్లియర్ స్టోరేజ్' అంటే గాదె ఖాళీ చేసినట్టు. అన్‌ఇన్‌స్టాల్ చేసినా అంతే, లెక్కలు ఫోన్‌లోనే దాచుకునే యాప్ అయితే అన్నీ పోతాయి.

వరుస ఇలా పాటించండి: ఫోర్స్ స్టాప్, తెరిచి చూడండి. క్లియర్ కాష్, తెరిచి చూడండి. తర్వాత యాప్ అప్‌డేట్. ఒక్కోటి చేసి చూస్తేనే దేనివల్ల బాగైందో తెలుస్తుంది. డేటా తీసేయడం అన్నిటికన్నా ఆఖరు, అదీ బ్యాకప్ చేతికొచ్చాకే. యాప్ తెరుచుకోకపోతే బ్యాకప్ తీయలేం కాబట్టి, తయారుచేసినవాళ్ల అప్‌డేట్ వచ్చేదాకా దాన్ని అలాగే వదిలేయండి. ఈలోగా నోటు పుస్తకంలో రాసుకోండి.

యాప్ పాతబడిపోతే

తయారుచేసినవాళ్లు పట్టించుకోని యాప్‌లు కొత్త సిస్టమ్‌లో నిలవవు. బాగా పాత ఆండ్రాయిడ్ కోసం రాసిన యాప్‌లను ఆండ్రాయిడ్ 14 కొత్తగా ఇన్‌స్టాల్ చేయనివ్వదు. ఉన్నదాన్ని తీసేస్తే మళ్లీ రాదన్నమాట. ప్లే స్టోర్‌లో చివరి అప్‌డేట్ తేదీ చూడండి. రెండు మూడేళ్లుగా ఏమీ లేకపోతే లెక్కలు ఎక్సెల్‌గానో పీడీఎఫ్‌గానో బయటకు తీసి వేరే యాప్‌కి మారిపోవడం మేలు. తయారుచేసినవాళ్లకి మెయిల్ పెట్టేటప్పుడు ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ నంబర్, యాప్ వెర్షన్, స్క్రీన్‌షాట్ పెట్టండి. 'పనిచేయట్లేదు' అని మాత్రమే రాస్తే వాళ్లకి ఏమీ అర్థం కాదు.

ఎవరైనా వాట్సాప్‌లో 'కొత్త వెర్షన్' అని ఏపీకే ఫైల్ పంపితే వేయొద్దు. పీఎం కిసాన్ పేరుతో కూడా ఇలాంటి నకిలీ ఫైళ్లు తిరుగుతున్నాయి, ఓటీపీలు లాగేస్తాయి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

వచ్చే అప్‌డేట్‌కి ముందు

విత్తనం నాటేముందు బీజామృతంతో శుద్ధి చేస్తాం కదా, దీనికీ అలాంటి పని ఉంది. లెక్కల యాప్‌లో బ్యాకప్ తీసి గూగుల్ డ్రైవ్‌లో ఒకటి, ఇంట్లో ఇంకో ఫోన్‌లో ఒకటి ఉంచండి. లాగిన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు పుస్తకంలో రాసి ఇంట్లో భద్రంగా పెట్టండి. కోత రోజుల్లో, సరుకు విశాఖ పంపే రోజుల్లో సిస్టమ్ అప్‌డేట్ నొక్కొద్దు, పని తగ్గిన రోజున చేయండి. కానీ పూర్తిగా మానేయొద్దు, ఫోన్ భద్రతకి అవి అవసరమే.

ఈ రోజు ఒక్క పని చేయండి. మీ లెక్కల యాప్ తెరిచి బ్యాకప్ ఎక్కడుందో వెతకండి. అది లేని యాప్ అయితే, ఈ పంట లెక్క నుంచే మారడం మంచిది.