సంగీతకారుల చెవి ప్లగ్గులు: అచ్చు తీయించుకోవడం నుంచి అలవాటు చేసుకునే దాకా

పెళ్లి మేళంలో సన్నాయి పక్కనే కూర్చునే డోలు కళాకారులు కొందరు చెవుల్లో ఇంత దూది పెట్టుకుంటారు. ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్స్ వాయించేవాళ్లు, తీన్మార్ బ్యాండువాళ్లు కొందరు చేసేదీ అదే. చెవిని కాచుకోవాలన్న ఆలోచన మంచిదే. కానీ పొడి దూది ఆపే మోత చాలా తక్కువ. దూది ఉంది కదా అన్న ధైర్యంతో స్పీకరు పక్కన ఇంకో గంట నిలబడితే మేలుకన్నా కీడే ఎక్కువ.

మందుల షాపులో దొరికే ఫోమ్ ప్లగ్గుతో ఇంకో చిక్కు. సరిగా పెట్టుకుంటే అది మోతను గట్టిగానే ఆపుతుంది, కానీ అన్ని స్వరాల్నీ సమానంగా ఆపదు. పై స్థాయిని బాగా నొక్కేసి, మంద్రాన్ని అంతగా తగ్గించకుండా వదిలేస్తుంది. తాళాల మోగు, పాటలో మాటల స్పష్టత, వయొలిన్ కమాను ఒరిపిడి అన్నీ మసకబారి, బేస్ ఒక్కటే దబదబమంటూ మిగులుతుంది. అలాంటి ప్లగ్గుతో ఎవరూ మనసుపెట్టి వాయించలేరు. రెండో పాటకల్లా తీసి జేబులో వేసుకుంటారు.

ఇది మన దగ్గరే ఉన్న ఇబ్బంది కాదు. 2012లో లండన్‌లోని రాయల్ ఒపేరా హౌస్‌లో వాగ్నర్ ఒపేరా రిహార్సల్ జరుగుతుండగా, ట్రంపెట్లకు సరిగ్గా ముందు కూర్చున్న వయోలా వాద్యకారుడు క్రిస్టఫర్ గోల్డ్‌షైడర్ చెవులు శాశ్వతంగా దెబ్బతిన్నాయి. సంస్థ ప్లగ్గులు ఇచ్చింది, ఎప్పుడు పెట్టుకోవాలన్నది మాత్రం వాద్యకారుల ఇష్టానికి వదిలేసింది. ఆయన కోర్టుకెళ్లారు. 2018లో హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది, 2019లో అప్పీలు కోర్టూ దాన్నే సమర్థించింది. ప్లగ్గు చేతికి ఇచ్చినంత మాత్రాన సరిపోదు. వాయిస్తూ పెట్టుకోగలిగేదిగా ఉండాలి.

అలాంటివి ఉన్నాయి. మీడ్ కిలియన్ స్థాపించిన ఎటిమోటిక్ రీసెర్చ్ అనే అమెరికా కంపెనీ, ఎల్మర్ కార్ల్‌సన్ అనే ఆయన ఆలోచన ఆధారంగా 1988లో ఈఆర్-15 అనే ఫిల్టరును తెచ్చింది. మీ చెవి కొలతకు పోసిన సిలికాన్ ప్లగ్గులో ఈ గుండీ లాంటి ఫిల్టరును బిగిస్తారు. మామూలుగా మన చెవి రంధ్రం దాదాపు 2,700 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని తనంతట తానే పెంచుతుంది. చెవి మూసేస్తే ఆ పెంపు పోతుంది, అందుకే అంతా మసకగా వినిపిస్తుంది. ఈ ఫిల్టరు, దాని వెనకున్న సన్న గొట్టం కలిసి ఆ పెంపును తిరిగి ఇస్తాయి. అప్పుడు అన్ని స్వరాలూ ఇంచుమించు సమానంగా 15 డెసిబెళ్లు తగ్గుతాయి. పాట పాటలాగే ఉంటుంది, హోరు తగ్గుతుంది.

ముందు మీ మోత ఎంతో తెలుసుకోండి

అమెరికాలో పనిచోటి ఆరోగ్యం, భద్రతపై పరిశోధించే నియాష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల మోతలో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. మోత 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 88కి 4 గంటలు, 94కి గంట, 100కి కేవలం 15 నిమిషాలు. స్టేజీ మీద 100 అంటే అరుదేమీ కాదు. ఇదే లెక్కను తిప్పి చూడండి: 15 డెసిబెళ్లు తగ్గించే ప్లగ్గు సరిగా కూర్చుంటే, ఆ 15 నిమిషాలు 8 గంటలవుతాయి.

ఐఫోన్ ఉన్నవాళ్లకు నియాష్ వారి సౌండ్ లెవెల్ మీటర్ యాప్ ఉచితంగా దొరుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో మైకులు ఒక్కోదానిలో ఒక్కో రకం కాబట్టి, వాటిలో వచ్చే అంకెను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. కొలిచేటప్పుడు ఫోన్ హాలు మధ్యలో కాదు, మీరు కూర్చునే చోట, మీ చెవి పక్కన ఉండాలి. డోలు కళాకారుడి చెవికి చేరే మోత వేరు, మూడో వరుసలో అతిథికి చేరే మోత వేరు. యాప్ లేకపోతే ఇంకో గుర్తు ఉంది: చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే అక్కడ ప్లగ్గు అవసరమే.

వినికిడి పరీక్ష

అచ్చు కంటే ముందు ఇది చేయించండి. మోత చేసే నష్టం సాధారణంగా మొదట 4,000 హెర్ట్జ్ దగ్గర కనబడుతుంది, మాటలు బాగానే వినిపిస్తుంటాయి కాబట్టి మనకు తెలియదు. 3,000, 6,000 హెర్ట్జ్ దగ్గర కూడా పరీక్షించమని అడగండి. పరీక్షకు ముందు రాత్రి కచేరీ పెట్టుకోవద్దు, చెవికి విశ్రాంతి లేకపోతే ఫలితం తప్పుతుంది. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మైసూరులో 1965 నుంచి ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ పనికి తెలిసిన చోట్లు. రిపోర్టు కాగితం జాగ్రత్త చేయండి.

చెవిలో గులిమి గట్టిపడి ఉంటే డాక్టరు చేతే తీయించుకోండి. పిన్నీసు, అగ్గిపుల్ల జోలికి పోవద్దు. చెవి కారుతున్నా, కర్ణభేరికి రంధ్రం ఉన్నా, ఎప్పుడైనా చెవి ఆపరేషన్ జరిగినా ఆ సంగతి ముందే చెప్పాలి. రంధ్రంలోంచి అచ్చు పదార్థం లోపలికి పోతే బయటికి తీయడం పెద్ద పని.

అచ్చు: అసలు పని ఇక్కడే

వినికిడి యంత్రాలు అమ్మే చోట్ల దాదాపు అందరూ చెవి అచ్చు తీస్తారు. అయితే వాళ్లకు అలవాటైనది వినికిడి యంత్రానికి తీసే అచ్చు, అది అంత లోతుగా ఉండనక్కర్లేదు. మీకు కావాల్సింది లోతైన అచ్చు. ఉత్త 'కస్టమ్ ఇయర్ ప్లగ్' అని అడిగితే ఈతకు వాడే గట్టి ముద్ద చేతికి రావొచ్చు. 'ఫిల్టరు మార్చుకునే మ్యూజీషియన్స్ ప్లగ్, దానికి డీప్ ఇంప్రెషన్' అని స్పష్టంగా చెప్పండి. భారత పునరావాస మండలిలో నమోదైన ఆడియాలజిస్టు దగ్గరే తీయించుకోండి.

లోతు ఎందుకంటే, పాడేటప్పుడు మన గొంతు కంపనం ఎముకల గుండా చెవి రంధ్రంలోని మెత్తటి బయటి భాగాన్ని కదిలిస్తుంది. ప్లగ్గు అక్కడే ఆగిపోతే ఆ కంపనం లోపల చిక్కుకుని, మన గొంతే మనకు గుమ్మటంలో పాడినట్టు మోగుతుంది. ప్లగ్గు రంధ్రంలోని రెండో వంపు దాటి ఎముక ఉన్న లోపలి భాగాన్ని మూస్తే ఈ గుమ్ము బాగా తగ్గుతుంది. గాయకులకు, సన్నాయి, క్లారినెట్, శాక్సఫోన్ వాయించేవాళ్లకు ఇది ప్రాణం లాంటిది. డ్రమ్స్ వాయించేవాళ్లు కొంత సర్దుకోగలరు, వీళ్లు సర్దుకోలేరు.

కుర్చీలో కూర్చున్నాక జరిగేది ఇదీ. ఆడియాలజిస్టు ముందు లైటుతో చెవిలోకి చూస్తారు. తర్వాత దారం కట్టిన చిన్న స్పాంజి బిళ్లను రంధ్రంలోకి జరుపుతారు. అచ్చు పదార్థం కర్ణభేరిని తాకకుండా అడ్డుగా ఉండేది అదే, అచ్చు ఎంత లోతుగా వస్తుందో నిర్ణయించేదీ అదే. అది రెండో వంపు దాటేటప్పుడు కొందరికి ఉన్నట్టుండి దగ్గు వస్తుంది. అక్కడ ఉన్న నరం గొంతు దాకా పోతుంది, కంగారు అక్కర్లేదు.

ఇప్పుడు నోరు. దవడ కీలు చెవి రంధ్రానికి ఆనుకుని ముందే ఉంటుంది. నోరు తెరిస్తే రంధ్రం ఆకారం మారుతుంది. నోరు మూసి తీసిన అచ్చుతో చేసిన ప్లగ్గు, మీరు తారస్థాయిలో నోరు బార్లా తెరవగానే పక్కనుంచి గాలి వదిలేస్తుంది. అందుకే పళ్ల మధ్య చిన్న దిమ్మె పెట్టుకుని, నోరు తెరిచి ఉంచి అచ్చు తీయించుకోవాలి. వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి.

రెండు సిలికాన్ ముద్దల్ని చపాతీ పిండిలా పిసికి కలిపి సిరంజిలో నింపి, మొనను లోపల ఉంచి నింపుకుంటూ మెల్లగా వెనక్కి తీస్తారు. చల్లగా, చెవి నిండిపోయినట్టు ఉంటుంది, చుట్టూ ఉన్న గది శబ్దం దూరమవుతుంది. పైనుంచి వేలితో అదమకూడదు, అదిమితే ఆకారం చెడుతుంది. కొన్ని నిమిషాలు దవడ కదపకుండా ఉండండి. గోటితో నొక్కితే గుంట పడకపోతే గట్టిపడినట్టు. దవడ ఒకసారి ఆడించి, చెవి డొప్పను కొంచెం లాగి, లోపలికి గాలి పోనిచ్చాక మెల్లగా తిప్పుతూ బయటికి తీస్తారు. ఆ వెంటనే మళ్లీ లైటుతో చెవిలోకి చూడాలి, ముక్కేదీ మిగల్లేదని తేల్చుకోవడానికి.

అచ్చును మీ చేతిలోకి తీసుకుని చూడండి. రెండు వంపులూ స్పష్టంగా కనిపించాలి. రెండో వంపు దాటాక ఇంకా కొంత పొడవుండాలి. బుడగలు, మడతలు, గీతలు ఉండకూడదు. ఉంటే మళ్లీ తీయమనండి. మొహమాటపడే చోటు కాదిది, ల్యాబ్‌లో ఎంత నైపుణ్యమున్నా పొట్టి అచ్చు నుంచి లోతైన ప్లగ్గు రాదు.

ప్లగ్గుకు గట్టి అక్రిలిక్ కాకుండా మెత్తటి సిలికాన్ ఎంచుకోండి, దవడతోపాటు కదులుతుంది. కుడికి ఎరుపు, ఎడమకు నీలం గుర్తు వేయించుకుంటే చీకటి స్టేజీ మీద ఇబ్బంది ఉండదు. ఊరేగింపుల్లో వాయించేవాళ్లు దారం కూడా కట్టించుకుంటే మంచిది.

ఏ ఫిల్టరు?

9, 15, 25 డెసిబెళ్లు తగ్గించేవని మూడు రకాలు. ఒకే ప్లగ్గులో మార్చుకోవచ్చు. నా సలహా 15తో మొదలుపెట్టమని. గాయకులకు, కీబోర్డు, గిటారు వాళ్లకు అది సరిపోతుంది. వీణ, మైకు లేని వయొలిన్ సాధనకు 9 చాలు. డ్రమ్స్, ప్యాడ్స్, డప్పు, తీన్మార్‌కు 25 కావాలి. అవసరానికి మించి ఎక్కువది తీసుకుంటే, సరిగా వినిపించక చేతులు తెలియకుండానే బలంగా బాదుతాయి, మణికట్టు నొప్పి మొదలవుతుంది.

చేతికొచ్చాక సరిచూసుకోవడం

కుడి చెవికి పెట్టుకునేటప్పుడు ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగండి. ప్లగ్గును కొంచెం ముందుకు తిప్పి లోపలికి జరిపి, తర్వాత వెనక్కి తిప్పితే పైకొస చెవి మడత కింద సర్దుకుంటుంది. మొదటి రోజుల్లో ల్యాబ్ ఇచ్చే జెల్ చుక్క రాస్తే సులువుగా పోతుంది.

ఇంట్లో పాట గట్టిగా పెట్టండి.  నోరు పూర్తిగా తెరిచి, నవ్వి, నమిలి చూడండి. అప్పుడు మోత ఒక్కసారిగా పెరిగితే ప్లగ్గు ఎక్కడో వదిలేస్తోందన్నమాట. తర్వాత ఆకారం, ఈకారం, ఊకారం వరసగా పాడండి. గుమ్ము బయటపడేది ఈకారం, ఊకారాల్లోనే. అవి భరించలేనట్టు మోగితే ప్లగ్గు లోతు చాలలేదు. వారం తిరక్కముందే తీసుకెళ్లి చూపించండి, తిరిగి చేసివ్వమని అడగండి. ఎక్కడైనా ఒరుసుకుని నొప్పి పెడితే అక్కడ కాస్త అరగదీసిస్తారు.

అలవాటు

మొదటిసారి కచేరీలోనే పెట్టుకుంటే కంగారు పుడుతుంది. ముందు ఇంటి సాధనలో, తర్వాత రిహార్సల్‌లో. మొదట్లో సంగీతం దూరంగా జరిగినట్టు ఉంటుంది, కొన్నాళ్లకు చెవి కొత్త కొలతకు సర్దుకుంటుంది. ఆ కొన్నాళ్లు ఓపిక పట్టినవాళ్లకే ఈ ఖర్చు దక్కుతుంది. ప్రోగ్రాం మొదలవడానికి ముందే పెట్టుకోండి, చెవి గుయ్‌మన్నాక కాదు. మానిటర్ పెంచమని సౌండ్ ఆయన్ని అడగకండి, పెంచితే ప్లగ్గు పెట్టుకున్న ఫలితం పోతుంది. మధ్యలో తీసెయ్యడం గురించి కూడా అదే మాట: 100 డెసిబెళ్లలో 15 నిమిషాలు ప్లగ్గు లేకుండా ఉంటే ఆ రోజు వాటా మొత్తం అక్కడే అయిపోతుంది.

ఫిల్టరు తీసి పక్కన పెట్టి, సిలికాన్‌ను గోరువెచ్చని నీటితో, తేలిక సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఫిల్టరుకు నీళ్లు తగలకూడదు. స్పిరిట్ వాడొద్దు. కొన్నేళ్లకు చెవి ఆకారం మారి ప్లగ్గు వదులవుతుంది, అప్పుడు కొత్త అచ్చు. ఎదిగే పిల్లలకు ఇంకా త్వరగా మార్చాలి, కాబట్టి వాళ్లకు ఈఆర్-20 లాంటి రెడీమేడ్ ఫిల్టరు ప్లగ్గులతో మొదలుపెట్టడమే తెలివి. ఇప్పుడే అంత ఖర్చు పెట్టలేని పెద్దవాళ్లకూ అదే చెబుతాను, దూదికి దానికి పోలికే లేదు.

ఇన్-ఇయర్ మానిటర్లు వాడేవాళ్లు అవే రక్షణ అనుకోవద్దు. వాల్యూమ్ తగ్గించి, రెండూ చెవుల్లో ఉంచుకుంటేనే మేలు. ఒకటి తీసేస్తే రెండోదాన్ని తప్పక పెంచుతారు.

ఏడాదికోసారి వినికిడి పరీక్ష చేయించి పాత రిపోర్టుతో పోల్చి చూడండి. కచేరీ తర్వాత చెవిలో మోత మర్నాటి దాకా తగ్గకపోయినా, ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టయినా అదే తగ్గుతుందిలే అని కూర్చోకుండా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. హఠాత్తుగా తగ్గిన వినికిడికి మందులు బాగా పనిచేసేది మొదటి కొద్ది రోజుల్లోనే.