తెర ఆవలి ఉపాధ్యాయుడు

గురుశిష్యులు ఒకరికొకరు కనిపించకుండా సాగే చదువు మన దేశానికి కొత్త కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో తపాలా ద్వారా పాఠాలు ఆరంభించింది. 1968లో కేంద్రీయ హిందీ నిదేశాలయం హిందీ మాతృభాష కానివారికి అదే పద్ధతిలో హిందీ బోధన చేపట్టింది. 1982లో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో వెలసింది. 2017లో వచ్చిన ‘స్వయం’ వేదిక పాఠాన్ని ఫోను తెర మీదికి తెచ్చింది.

తపాలా రోజులలో దిద్దిన జవాబుపత్రం తిరిగి రావడానికి వారాలు పట్టేది. నేడు క్షణం చాలు. అయినా విద్యార్థి ఒంటరితనం ఆ మేరకు తగ్గలేదు. దూరవిద్యలో అసలు దూరం మైళ్ళలో లేదనీ, పాఠం బిగువుగా ఉండి సంభాషణ కొరవడినకొద్దీ అది పెరుగుతుందనీ అమెరికా విద్యావేత్త మైకేల్ మూర్ ప్రతిపాదించారు.

హిందీ నేర్చుకునే తెలుగు విద్యార్థినే తీసుకుందాం. ‘రొట్టె తిన్నాను’ అనడానికి అతడు ‘మైనే రోటీ ఖాయా’ అని రాస్తాడు. యంత్రం తప్పు అని తేల్చి, ‘ఖాయీ’ అనే రూపం చూపుతుంది. అతడు దానిని కంఠస్థం చేసి, మరునాడు మామిడిపండు గురించి ‘మైనే ఆమ్ ఖాయీ’ అని రాస్తాడు. మళ్ళీ తప్పే! ఇటువంటి రెండు మూడు ఎదురుదెబ్బలతో తనకు ఈ భాష రాదనుకొని పాఠాలు మానినా ఆశ్చర్యం లేదు.

ఉపాధ్యాయుడు రాసే నాలుగు మాటలు ఇక్కడ అవసరం. తెలుగులో క్రియ తిన్నవానిని అనుసరిస్తుంది. హిందీలో ‘నే’ చేరినచోట, కర్మకు ‘కో’ లేనప్పుడు, తిన్న వస్తువును అనుసరిస్తుంది. రోటీ స్త్రీలింగం, ఆమ్ పుంలింగం. ఈ పొరపాటు మాతృభాష అలవాటు వల్ల వచ్చిందే గాని తెలివితక్కువ వల్ల కాదని కూడ చెబితే విద్యార్థి మనసు కుదుటపడుతుంది.

వేలమందికి విడివిడిగా జవాబు రాయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, నిజమే. కాని పలువురు చేసే తప్పును ఏరి అందరికీ ఒకే లేఖ పంపవచ్చు. సందేహాలకు ఏ రోజున సమాధానం వస్తుందో ముందుగా తెలిపి ఆ మాట నిలుపుకోవచ్చు. చెప్పిన రోజున జవాబు అందితే, మాటలు కొద్దిపాటివైనా, విద్యార్థి ఇంకొకటి అడగడానికి వెనుకాడడు. ప్రాణం లేని రొట్టెకు లింగమేమిటి, ‘కితాబ్’ స్త్రీలింగమని ఎట్లా గుర్తించాలి అని రాస్తాడు. దానికి పూర్తి నియమం లేదు. పదంతోపాటే లింగాన్నీ నేర్చుకోవాలని ఉపాధ్యాయుడు దాపరికం లేకుండా జవాబివ్వవలసి ఉంటుంది.