టైల్స్ పగలగొట్టే ముందు...

బాత్రూం గోడకు అవతలి వైపు, పడకగదిలో, సున్నం పొరలు పొరలుగా లేచి పొడి రాలుతుంది. వేలితో నొక్కితే ప్లాస్టరు మెత్తగా లోపలికి దిగుతుంది. అప్పుడు చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. కొత్త మేస్త్రిని పిలుస్తారు, ఆయన మొత్తం తీసేయాల్సిందే అంటాడు, ఒక్క పూటలో టైల్స్ ఊడదీసి తుక్కంతా ట్రాక్టరుకెత్తి పారబోస్తారు. ఖర్చు చేతికొచ్చాక ఇల్లు కట్టినాయన దగ్గరికి వెళ్లి డబ్బులు అడుగుతారు. "నేను మంచిగనే కట్టిన, మీరే పాడు చేసుకున్నరు" అని ఆయన అంటే చెప్పడానికి ఏమీ ఉండదు. చెప్పగలిగిన గోడ అప్పటికే లేదు. ఇట్లాంటి తగాదాల్లో చట్టం ఇంటివారి పక్షానే ఉంది. కానీ గోడ పగలకముందే దాని పరిస్థితిని సాక్ష్యంగా మార్చుకున్నవారికే ఆ చట్టం అక్కరకొస్తుంది.

డబ్బు తీసుకుని ఇల్లు కట్టిపెట్టడం సేవేనని, అందులో లోపం ఉంటే వినియోగదారుడిగా నిలదీయవచ్చని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ, ఎం.కె. గుప్తా కేసులో తేల్చింది. 2012లో మన నార్నె కన్‌స్ట్రక్షన్స్ కేసులో, ప్లాట్లను అభివృద్ధి చేసి అమ్మేవారికీ అదే సూత్రం వర్తిస్తుందని చెప్పింది. ఇప్పుడు అమల్లో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సేవల నిర్వచనంలో గృహ నిర్మాణాన్ని పేరు పెట్టి మరీ చేర్చింది. అపార్ట్‌మెంట్లలో కొన్నవారికి ఇంకో అండ ఉంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) 14(3) సెక్షన్ ప్రకారం, ఫ్లాటు అప్పగించిన 5 ఏళ్లలోపు పనితనంలో లోపం బయటపడి దాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, ఆయన పైసా అడగకుండా 30 రోజుల్లో సరిచేయాలి. అయితే స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. జనగామలోనైనా, మహబూబాబాద్, భూపాలపల్లిలోనైనా సొంత జాగాలో మేస్త్రికి గుత్తకిచ్చి ఇల్లు కట్టించుకునేవారికి ఆ చట్టం అందదు. ఇందిరమ్మ ఇల్లు మంజూరై సొంతంగా కట్టించుకుంటున్నవారి సంగతీ అంతే. వీళ్లందరికీ దారి వినియోగదారుల చట్టమే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రోజుకూలీకి మనిషిని పెట్టుకుని, దగ్గరుండి మీరే చెప్పి చేయించుకుంటే అది వ్యక్తిగత సేవా ఒప్పందం కిందికి పోతుంది, వినియోగదారుల కమిషన్ ముందు నిలవడం కష్టం. బాత్రూంకు ఇంత అనో, చదరపు అడుగుకు ఇంత అనో మాట్లాడుకుని, పని ఎట్లా చేయాలో ఆయనకే వదిలేస్తే అది సేవ. మాట మీద కుదిరిన ఒప్పందం చెల్లదేమోనన్న భయం అక్కర్లేదు. ఇట్లాంటి పనికి నోటిమాట ఒప్పందమూ చట్టం దృష్టిలో ఒప్పందమే. ఫోన్‌పేలో పంపిన వాయిదాలు, వాట్సాప్‌లో ఆయన పంపిన కొలతలు, వాయిస్ మెసేజ్‌లు దానికి రుజువులు.

ఇక గోడ సంగతి. టైల్స్ వేస్తే నీళ్లు దిగవనుకోవడం పెద్ద అపోహ. టైల్‌కూ టైల్‌కూ మధ్య సందుల్లోంచి, కుళాయి బిగించిన చోటినుంచి, గోడ నేలను కలిసే మూలనుంచి నీళ్లు లోపలికి పోతాయి. వాటిని ఆపాల్సింది ప్లాస్టరు మీద వేసే వాటర్‌ప్రూఫింగ్ పూత. మూలల్లో ఆ పూత ఎగ్గొట్టినా, టైల్ వెనక నిండా మాలు పెట్టకుండా నాలుగు ముద్దలు కొట్టి అతికించినా వెనక డొల్ల మిగిలి అందులో నీళ్లు నిలుస్తాయి. రూపాయి బిళ్లతో ఒక్కో టైల్‌ను కొడుతూ పోతే డొల్ల ఉన్నచోట మోత మారుతుంది. అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టి, మోత వినబడేలా ఆపకుండా వీడియో తీయండి. తర్వాత కొన్ని రోజులు ఆ షవర్ వాడకండి, పైపులో నీళ్లు మాత్రం ఉండనివ్వండి. అవతలి గోడ ఆరుతూ వస్తే చాలావరకు తప్పు టైల్స్ పనిది. వాడకపోయినా చెమ్మ అట్లాగే ఉంటే గోడలో పూడ్చిన పైపును అనుమానించాలి, అది ప్లంబరు పని. నోటీసు ఎవరికి ఇవ్వాలో చాలావరకు దీంతోనే తెలుస్తుంది. ఆపైన సివిల్ ఇంజినీరును పిలిచి, చూసిన తేదీ, కారణం, ఖర్చు అంచనా రాయించి సంతకం తీసుకోండి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఫోన్ ఫొటోలకు, వీడియోలకు ధ్రువపత్రం జతచేయాల్సి రావచ్చు. కాబట్టి అసలు ఫైళ్లు ఫోన్‌లోంచి తీసేయకండి.

అవతలివాళ్లు వానల మీద నెపం పెడతారు. భూపాలపల్లి, మహబూబాబాద్ ప్రాంతంలో ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో వరదకు రైలుకట్టే కొట్టుకుపోయింది. కానీ వరద నీరు చుట్టూ గోడలన్నిటి మీద ఒకే ఎత్తున గీత పెట్టి పోతుంది. షవర్ నీరు ఒక్క గోడనే, కుళాయి ఉన్న మేరకే, ఎండాకాలంలో కూడా తడుపుతుంది. అందుకే బాత్రూం గోడతో పాటు మిగతా గదుల ఫొటోలు కూడా తీసి ఉంచాలి.

కేసు తేలేదాకా స్నానం మానుకోవాలా అని అడిగేవారున్నారు. అక్కర్లేదు. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ నష్టం లెక్కించేటప్పుడు, దాన్ని తగ్గించుకునే మార్గం మీకు ఉందా అని కూడా చూడమంటుంది. గోడను కుళ్లిపోనిస్తే మీకు రావాల్సిందే తగ్గవచ్చు. స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, వచ్చి చూసుకోవడానికి 15 రోజులు ఇవ్వండి. రాకపోతే బాగు చేయించుకుని ఖర్చు అడగండి. ఊడదీసిన టైల్స్‌లో నాలుగైదు, వెనక అంటిన మాలుతో సహా, సంచిలో కట్టి దాచండి.

మేస్త్రి కూడా రెక్కాడితేగానీ డొక్కాడని మనిషే కదా, ఆయన్ను కోర్టుకు ఈడ్వడం న్యాయమా అన్న ప్రశ్న నన్నూ కలవరపెడుతుంది. అందుకే మొదట డబ్బు కాదు, పని మళ్లీ చేసిపెట్టమని అడగాలి. కూలి ఆయనది, సామాను మీది అని కుదిరితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో రాజీ రాయించుకోవచ్చు. చెడిపోయిన పనికి చీటింగ్ కేసు పెడతామని బెదిరించడం మాత్రం తప్పు. పనితనంలో లోపం వేరు, మోసం వేరు.

అద్దెకుండేవారికి ఆస్తి బదిలీ చట్టం 108(ఎఫ్) ఆధారం. యజమాని చేయించాల్సిన మరమ్మతును, నోటీసిచ్చినా తగిన సమయంలో చేయించకపోతే, మీరే చేయించి వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే అది యజమాని బాధ్యతేనని అద్దె కాగితంలో రాసి ఉండటం మేలు. నోటీసు లేకుండా అద్దె ఆపితే తప్పు మీ మీదికి వస్తుంది.

మీరు చెల్లించింది 50 లక్షల్లోపయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే ఫిర్యాదు చేయాలి. 5 లక్షల్లోపు పనికి ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. సలహాకు 1915కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, దాని నంబరు 15100. ఫిర్యాదుకు గడువు, కారణం తలెత్తిన నాటినుంచి 2 ఏళ్లు. "ఈ వానలు పోనీ, వచ్చి చేసిపెడత" అని ఆయన ఎన్నిసార్లు అన్నా, మీరు ఎన్ని నోటీసులు పంపినా ఆ గడువు ఆగదు.