దువార్తె పషేకు: ఇంజనీరూ, నియంతృత్వమూ

సైన్సు చదివేవాళ్లకు రాజకీయాలతో పనేముందని మనలో చాలామంది అంటూ ఉంటారు. "మనవి లెక్కలు, లెక్కకు పార్టీ ఏమిటి?" అన్నమాట హాస్టల్లో నేను ఎన్నోసార్లు విన్నాను. అది ఎంతవరకు నిజమో ఆలోచించడానికి పోర్చుగల్ ఇంజనీరు దువార్తె పషేకు జీవితం మంచి పాఠం.

దక్షిణ పోర్చుగల్‌లోని లోలె పట్టణంలో పుట్టిన పషేకు 1923లో లిస్బన్‌లోని సాంకేతిక విద్యాసంస్థలో విద్యుత్ ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. ముప్పై ఏళ్లు నిండకుండానే ఆ సంస్థకే డైరెక్టరయ్యాడు. అప్పటికే, 1926లో, సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 1928లో కొన్ని నెలలు విద్యామంత్రిగా ఉన్న పషేకు కోయింబ్రా వెళ్లి, అక్కడి విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పే సలజారును ఆర్థికమంత్రి పదవికి ఒప్పించే పనిలో పాలుపంచుకున్నాడు. ఆ ప్రొఫెసరే 1932లో ప్రధాని అయి, 1968 దాకా దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు. మన గోవా 1961 డిసెంబరులో విముక్తి పొందింది ఈ సలజార్ ప్రభుత్వం నుంచే.

1932లో పషేకు ప్రజాపనుల మంత్రి అయ్యాడు. 1936లో పదవి పోయింది. 1938లో లిస్బన్ మేయరై, అదే ఏడు మళ్లీ మంత్రి అయ్యాడు. రోడ్లు, వంతెనలు, రేవులు, బడులు, లిస్బన్ విమానాశ్రయం, జాతీయ స్టేడియం, 1940 నాటి మహాప్రదర్శన - అన్నింటిలోనూ ఆయన చెయ్యి ఉంది. లిస్బన్ పక్కన బోడిగా ఉన్న మొన్‌సాంతొ కొండలమీద అడవి పెంచాడు. జనాభాలో సగానికి పైగా చదువురాని దేశంలో ఇవి చిన్న పనులు కావు.

అయితే అంత వేగం ఎలా వచ్చింది? 1938లో భూసేకరణ చట్టం మార్చి, నగర విస్తరణకు కావలసిన భూమిని త్వరగా, చవకగా తీసుకునే వీలు కల్పించారు. నేను రైతుబిడ్డను. భూమి పోతుందంటే ఇంట్లో పొయ్యి వెలగని రోజులుంటాయని నాకు తెలుసు. భూమి ఇవ్వడం తప్పనిసరైనా, ధర చాలదని అడగడానికి పత్రిక, సంఘం, కోర్టు ఉండాలి గదా! అక్కడ పత్రికలకు సెన్సారు. 1933లో స్వేచ్ఛా కార్మిక సంఘాలనూ, సమ్మెలనూ నిషేధించారు. ఆ ఏడు రాజ్యాంగంపై జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేయనివాళ్లను కూడా 'అవును' కిందే జమకట్టారు! 1936లో కేప్‌వెర్డె దీవుల్లో తర్రఫాల్ నిర్బంధ శిబిరం తెరిచారు. పషేకు ఎవరినీ స్వయంగా జైల్లో పెట్టి ఉండకపోవచ్చు. కాని ఆ ప్రభుత్వం తన గొప్పకు సాక్ష్యంగా చూపించింది ఆయన కట్టడాలనే.

మన ల్యాబులో ఒకడు తీసిన రీడింగు తప్పని చెప్పే హక్కు పక్కవాడికి ఉంటుంది. ఆ హక్కు లేకపోతే అది ప్రయోగమే కాదు. వంతెన ఎంత బరువు మోస్తుందో లెక్క చెబుతుంది. ఎక్కడ కట్టాలి, ఎవరి పొలం పోవాలి అన్నది లెక్క చెప్పదు. అది జనం నోటితో తేలాలి. నియంతృత్వంలో మూతపడేది ఆ నోరే.

1943 నవంబరులో కారు ప్రమాదానికి గురై పషేకు మరణించాడు. మరుసటి ఏడు పూర్తయిన లిస్బన్ వయాడక్టుకు ఆయన పేరు పెట్టారు. 1966లో తేజో నదిమీద ప్రారంభించిన పెద్ద వంతెనకు సలజార్ పేరు పెట్టారు. 1974 ఏప్రిల్ 25న విప్లవం వచ్చాక వంతెన పేరు మారి 'ఏప్రిల్ 25 వంతెన' అయింది. వయాడక్టు పేరు మాత్రం నేటికీ అలాగే ఉంది.

జనం పనిని గుర్తుంచుకున్నారు, పాలనను తిరస్కరించారు. రేపు ఉద్యోగాల్లో చేరి ప్లానులమీద సంతకం పెట్టబోయే మనం మాత్రం ఆ రెంటినీ విడదీసుకుని తప్పించుకోలేమని నా అభిప్రాయం. కాగితంమీద గీత గీసేముందు, ఆ గీత కింద ఉన్నవాడికి మాట్లాడే వీలుందా అని అడగడం కూడా ఇంజనీరు పనే.