గుంటూరు బండికి హైదరాబాద్ నంబరు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర పొద్దున్నే బళ్లు వరసగా ఆగి ఉంటాయి. నంబరు ప్లేట్లు చదువుకుంటూ నడిస్తే, పరీక్షలకు చదువుకోవడానికి ఏ పిల్లలు ఏ జిల్లా నుంచి వచ్చారో తెలిసిపోతుంది. టీఎస్ 02 కరీంనగర్, 03 వరంగల్, 04 ఖమ్మం, 05 నల్గొండ. టీజీ అని ఉంటే 2024 మార్చి తర్వాత రిజిస్టరైన బండి. ఏపీ 07 గుంటూరు. 2019 నుంచి ఆంధ్రలో జిల్లా కోడ్లు పోయి అంతటికీ ఏపీ 39 వచ్చింది కాబట్టి ఆ తర్వాతి బళ్లని చూసి ఊరు చెప్పలేం.

మా అక్క కొడుకు బండి అలాంటిదే. గుంటూరు నుంచి గ్రూప్స్ కోచింగ్‌కని వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో చేరాడు. తర్వాత ఇక్కడే ఉద్యోగం దొరికింది. నారాయణగూడలో ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాడు. ఒకరోజు బండి కాగితాలు చూపించమన్నాను. ఆర్సీ మా బావగారి పేరున ఉంది.

“నడిపేది నువ్వు, పేరు నాన్నదా?”

“నాన్నే కదా మావయ్యా కొన్నది. ఇన్సూరెన్స్ ఉంది, చాలదా?”

చాలదు. ఎందుకో చెప్పడానికి పాలసీ కాగితం తీసి ఒక లైను మీద వేలు పెట్టాను. యజమాని-డ్రైవరుకు వ్యక్తిగత ప్రమాద బీమా, 15 లక్షలు. అది ఆర్సీలో పేరున్న యజమాని బండి నడుపుతున్నప్పుడు ఆయనకు వర్తించేది. వేరే పాలసీ ఏదీ లేకపోతే, రోజూ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ట్రాఫిక్‌లో పడి తిరిగే కొడుకుకి అందులో రూపాయి రాదు. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి థర్డ్ పార్టీ బీమా దేశమంతా చెల్లుతుంది, అందులో అనుమానం లేదు. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం అది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. కానీ అది ఎదుటివాళ్ల కోసం. మన పిల్లాడి సంగతి ఏమిటి? ఆ ప్రశ్నతోనే కాగితాల పని మొదలుపెట్టాం.

మొదట తేల్చుకోవలసింది ఎంతకాలం ఉంటామన్నది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి దేశంలో ఎక్కడైనా తిరగొచ్చు. అయితే ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని 47వ సెక్షను చెబుతోంది. ఆ 12 నెలలు దాటాక దరఖాస్తుకు 30 రోజుల గడువు. పరీక్ష రాసి ఏడాదిలోపే ఊరికి వెళ్లిపోయే పిల్లలు నంబరు మార్చుకోనక్కర్లేదు. బండి ఎప్పుడు వచ్చిందో చెప్పే కాగితం ఒకటి, రైల్వే పార్సిల్ రసీదు లాంటిది, దాచుకుంటే మంచిది. కరీంనగర్, ఖమ్మం పిల్లలది మన రాష్ట్రమే కాబట్టి వాళ్లకు కొత్త నంబరు గొడవే లేదు. ఫారం 33తో చిరునామా మార్పించుకుంటే అయిపోతుంది. లైసెన్సు ఏ రాష్ట్రానిదైనా చెల్లుతుంది.

మావాడు ఇక్కడే ఉండిపోతున్నాడు కాబట్టి పూర్తి దారి పట్టక తప్పలేదు. బండి అప్పుమీద కొన్నదైతే అప్పు తీరినట్టు ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే లేఖ, ఫారం 35 ముందు చేతికి రావాలి. అప్పు ఇంకా ఉంటే వాళ్ల అనుమతి కావాలి. ఆ తర్వాత గుంటూరు వైపు పని. నిరభ్యంతర పత్రానికి, అంటే అందరూ ఎన్ఓసీ అనేదానికి, ఫారం 28. దానితోపాటు పేరు మార్పు కోసం బావగారు ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టారు. పాత చలాన్లన్నీ ముందే కట్టేయాలి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులో ఉండాలి. దొంగబండి కాదని పోలీసు రికార్డులతో సరిచూస్తారు.

ఎన్ఓసీలో బండి ఏ ఆఫీసుకు వెళ్తోందో పేరు ఉంటుంది. ఇక్కడ తొందరపడకూడదు. హైదరాబాద్‌లో ఖైరతాబాద్, మలక్‌పేట, సికింద్రాబాద్ అంటూ ఆర్టీఏ ఆఫీసులు వేర్వేరు. చిక్కడపల్లి, అశోక్‌నగర్ పిన్‌కోడ్ 500020, నారాయణగూడ 500029. మీ చిరునామా ఏ ఆఫీసు కిందికి వస్తుందో రవాణా శాఖ సైట్లో చూసుకుని, ఆ పేరే రాయించుకోవాలి. తప్పు పేరుతో తెచ్చుకుంటే మళ్లీ ఊరికి తిరగాల్సి వస్తుంది.

హాస్టల్ పిల్లలు ఎక్కువగా చిక్కుకునేది చిరునామా రుజువు దగ్గర. ఆధార్‌లో ఊరి చిరునామా, హాస్టల్ ఇచ్చేది నెల అద్దె చీటీ. మావాడికి పోర్షన్ తీసుకున్నాక అద్దె ఒప్పందం చేతికొచ్చింది. దాంతో ఆధార్‌లో చిరునామా మార్పించి, అప్పుడు దరఖాస్తు పెట్టాం. రెండు వారాలు ఆలస్యమైనా ఈ వరస మంచిది.

ఇక ఛాసిస్ ప్రింటు. హ్యాండిల్ కింద మెడ దగ్గర ఇనుములో చెక్కిన అంకెలుంటాయి. మూడేళ్ల దుమ్ము, గ్రీజు పేరుకుని అసలు కనిపించలేదు. కిరసనాయిల్ గుడ్డతో తుడిచి, పెన్సిల్‌తో మెల్లగా రుద్ది, దానిమీద సెల్లోటేపు అతికించి ఊడదీస్తే అంకెలు టేపు మీదికి వచ్చేశాయి. దాన్ని ఫారం మీద అతికించాం. ఆర్సీలో ఉన్న నంబరుతో ఒక్కో అంకె సరిచూడండి. తనిఖీలో ఇన్‌స్పెక్టర్ చూసేదీ ఇదే.

ఇక్కడి ఆఫీసుకు ఫారం 27, ఎన్ఓసీ, పేరు మార్పు ఫారాలు, అసలు ఇన్వాయిస్ తీసుకుని, బండితో సహా వెళ్లాలి. కొన్ననాటి ఇన్వాయిస్ పారేసినవాళ్లకు ఇక్కడ బాధ తెలుస్తుంది. లైఫ్ ట్యాక్స్ లెక్క దాని మీదే. పన్ను రాష్ట్రాలది, అందుకే మళ్లీ కట్టాలి. బండి వయసును బట్టి అది తగ్గుతుంది. కొత్త ఆర్సీ వచ్చాక, పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి కట్టిన పన్ను వాపసు అడగొచ్చు. చాలామంది అడగరు. అడగండి, అది మీ డబ్బు.

మా ఇంటి పైవాటావాళ్ల అమ్మాయి కెనడాలో ఒంటారియో నుంచి బ్రిటిష్ కొలంబియాకు మారింది. అక్కడ కొత్తగా వచ్చినవాళ్లు 30 రోజుల్లో బండి రిజిస్టర్ చేయించాలి. బేసిక్ ఇన్సూరెన్సు ఐసీబీసీ అనే ప్రభుత్వ సంస్థదే. ప్లేటూ పాలసీ ఒకే బల్ల దగ్గర ఇచ్చారట. మనకు గడువు పెద్దది, కానీ బల్లలు రెండు. ఆర్టీఏలో నంబరు మారిందని బీమా కంపెనీకి మనమే చెప్పుకోవాలి. కొత్త నంబరు రాగానే పని అయిపోయిందని ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

పేరు మారిన 14 రోజుల్లోగా కొత్త యజమాని బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టాలని 157వ సెక్షను చెబుతోంది. పెట్టకపోతే థర్డ్ పార్టీకి ఇబ్బంది లేదు కానీ, మన బండికి దెబ్బ తగిలినప్పుడు అడిగే డబ్బు దగ్గర పేచీ వస్తుంది. ఈ విషయంలో 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఉంది. మేం పాలసీలో పేరు, నంబరు, చిరునామా మూడూ మార్పించి ఎండార్స్‌మెంట్, అంటే ఆ మార్పుల పత్రం, తీసుకున్నాం. కొంత అదనంగా కట్టాల్సి వచ్చింది. దానికి రెండు కారణాలు. సొంత నష్టం ప్రీమియం లెక్కకు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై లాంటి ఎనిమిది నగరాలు ‘ఏ’ జోన్, గుంటూరు ‘బి’ జోన్. రెండోది, క్లెయిమ్ లేనందుకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మనిషిది. బావగారి బోనస్ కొడుక్కి రాలేదు. ఆయన ఇంకో బండి కొంటే దానికి వాడుకోవచ్చు.

ఎండార్స్‌మెంట్ వచ్చిన సాయంత్రం అక్క ఫోన్ చేసింది. “ఇప్పుడు ఆ 15 లక్షల లైను ఎవరి పేరున ఉందిరా?” అని తనే అడిగింది. వాడు కాగితం దగ్గరికి తీసుకుని, పేరు ఇంటిపేరుతో సహా చదివి వినిపించాడు. నామినీ ఎవరని అడిగింది. అది ఇంకా బావగారు నింపించినట్టే ఉంది, అక్క పేరు. అలాగే ఉంచమన్నాను.