సాయం ఫలించిందని ఎలా తెలుస్తుంది? – ప్రయోగాల్లో వాడే కొన్ని ముఖ్యమైన మాటలు



కిందటేడు వార్షిక సమావేశంలో మేము సాయంకాలపు ట్యూషన్ గురించి గర్వంగా చెప్పుకున్నాం. పదో తరగతి పరీక్ష రాసిన మన పిల్లల్లో ఎక్కువమంది పాసయ్యారన్నాం. అప్పుడు వెనుక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, "మరి ట్యూషన్‌కు రాని పిల్లల్లో ఎంతమంది పాసయ్యారు?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఆయన తప్పు పట్టడానికి అడగలేదు. మీరిచ్చే ప్రతి రూపాయీ మా చేతిలో అమానత్ కాబట్టి అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పద్ధతి శాస్త్రవేత్తలకు ఎప్పటినుంచో ఉంది. అందులోని ముఖ్యమైన మాటలను మద్రాసులో నిజంగా జరిగిన ఒక ప్రయోగం ద్వారా ఇక్కడ వివరిస్తున్నాం.

మద్రాసులో ఏం జరిగింది?

1950లలో క్షయ రోగిని శానిటోరియంలో చేర్చాలనేది గట్టి నమ్మకం. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి లేనిదే జబ్బు నయం కాదనుకునేవారు. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం అలాంటి శానిటోరియమే. కానీ దేశంలో రోగులు లక్షల్లో ఉంటే పడకలు చాలా కొద్ది. అప్పటికి ఐసోనియాజిడ్, పాస్ అనే మందులు వచ్చాయి. వాటిని ఇంటి దగ్గరే వాడితే సరిపోతుందా? ఇది తేల్చడానికి 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి మద్రాసులో ఒక కేంద్రం నెలకొల్పాయి.

పరికల్పన: పరీక్షించి చూడదగిన ఊహ. "ఇంటి దగ్గర చికిత్స మంచిదే" అనడం అభిప్రాయం. "అవే మందులు ఏడాదిపాటు ఇంట్లో వాడినవారికి, శానిటోరియంలో వాడినవారికి దాదాపు ఒకేలా నయమవుతుంది" అనడం పరికల్పన. అది తప్పని తేలే అవకాశం కూడా ఉండాలి.

చరరాశులు: ప్రయోగంలో మారేవి. మనం మార్చేది స్వతంత్ర చరరాశి. మద్రాసులో అది చికిత్స జరిగే చోటు. దాన్నిబట్టి మారుతుందేమోనని మనం కొలిచేది పరతంత్ర చరరాశి. అక్కడ అది కళ్లెలో క్షయ క్రిములు ఉన్నాయా లేవా అన్నది. మందులు మాత్రం ఇరువర్గాలకూ అవే.

నియంత్రణ సమూహం: పోల్చి చూడటానికి ఉంచుకునే వర్గం. ఇది కొత్త ఆలోచన కాదు. సుమారు వెయ్యేళ్లకు పైగా కిందట బాగ్దాదులో వైద్యం చేసిన అల్ రాజీ, మెదడు వాపు లక్షణాలున్న కొందరికి రక్తం తీసి, మరికొందరికి కావాలనే తీయకుండా ఉంచి తేడా చూశానని రాసుకున్నారు. రక్తం తీయడం మేలని ఆయన అనుకున్నారు. నేటి వైద్యం దాన్ని ఒప్పుకోదు. పోలిక ఒక్కటే చాలదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఎవరిని ఏ వర్గంలో పెట్టామన్నదీ ముఖ్యమే.

యాదృచ్ఛిక కేటాయింపు: హజ్ దరఖాస్తులు ఎక్కువైనప్పుడు ఖుర్రా తీస్తారు కదా, అలాంటిదే. డాక్టరే ఎంచితే తెలియకుండానే బలంగా ఉన్నవారిని ఒకవైపు చేర్చవచ్చు. దీన్నే పక్షపాతం అంటారు. మద్రాసులో చేరిన 193 మంది పేద రోగులను ఇలా చీటీ పద్ధతిలోనే ఇంటికీ శానిటోరియానికీ పంచారు. ఎవరికీ మందు లేకుండా చేయలేదు.

ఫలితం, యాదృచ్ఛిక తేడా: ఏడాది తర్వాత శానిటోరియం వర్గంలో 92 శాతం, ఇంటి వర్గంలో 86 శాతం మందికి జబ్బు అదుపులోకి వచ్చింది. మరి శానిటోరియమే గెలిచినట్టా? ఒక్కో వర్గంలో వంద మందికి మించి లేరు. అంత చిన్న నమూనాలో ఈ తేడా అంటే అయిదారుగురు మనుషులు. ఇంత తేడా కేవలం చీటీ వాటం వల్ల కూడా రావచ్చు. అలా రాదని గట్టిగా చెప్పగలిగిన తేడానే సార్థకమైన తేడా అంటారు.

శానిటోరియంలో ఉన్నవారు ఎక్కువ బరువు పెరిగారు. అయినా ఇరుకు గదుల్లో, అంతంతమాత్రపు తిండితో ఉన్నవారికీ మందులు పనిచేశాయి. ఇంట్లోవాళ్లకు జబ్బు అంటుకునే ప్రమాదమూ పెరగలేదని తర్వాతి పరిశీలనలో తేలింది. 1959లో ఈ ఫలితాలు అచ్చయ్యాక, క్షయ చికిత్స పడకల నుంచి ఇళ్ల వైపు మళ్లింది. నమ్మకాన్నిబట్టే వెళ్లి ఉంటే, ఉన్న డబ్బంతా పడకలకే పోయేది. పడక దొరకనివారు మందు లేకుండానే మిగిలేవారు.

మన ట్యూషన్‌కు వస్తే

మాటవరసకు 40 మంది చేరి, 15 మంది మధ్యలో మానేసి, మిగిలిన 25 మందిలో 20 మంది పాసయ్యారనుకోండి. 25లో 20 అంటే 80 శాతం. చేరిన 40 మందిలో చూస్తే సగమే. మానేసినవారు ఏమయ్యారో కనుక్కోకుండా 80 అని రాస్తే అది సగం నిజం. కిందటేడు మేము చేసింది ఇదే.

సగటు, మధ్యగతం: అయిదుగురికి 30, 32, 35, 38, 90 మార్కులు వచ్చాయనుకుందాం. సగటు 45. వినడానికి బాగుంది. కానీ వరుసలో నడుమ నిలిచే మార్కు, అంటే మధ్యగతం, 35 మాత్రమే. పాస్ మార్కు 35 అయితే ఇద్దరు తప్పారు. ఒక్క తెలివైన పిల్ల అందరినీ పైకి లాగినట్టు కనిపించింది.

సహసంబంధం, కారణం: రెండు విషయాలు కలిసి కనిపిస్తే సహసంబంధం. ఒకదాని వల్లే రెండోది జరిగితే కారణం. ట్యూషన్‌కు వచ్చే పిల్లలు బాగా పాసవుతున్నారంటే, అది ట్యూషన్ వల్లనా? లేక చదువు మీద శ్రద్ధ ఉన్న తల్లిదండ్రులే పంపుతున్నారా? పోల్చి చూస్తే తప్ప తెలియదు.

అందుకే ఈ ఏడు మూడు మార్పులు చేస్తున్నాం. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే, అర్హులందరి పేర్లతో చీటీ తీస్తాం. సీటు రాని పిల్లల ఫలితాలూ వారి తల్లిదండ్రుల అనుమతితో తెలుసుకుంటాం. మధ్యలో మానేసినవారిని కూడా లెక్కలో ఉంచుతాం. ట్యూషన్ వల్ల పెద్దగా తేడా లేదని తేలితే, ఆ మాటే వచ్చే సంచికలో రాస్తాం; ఆ డబ్బు పుస్తకాలకో, బస్సు ఛార్జీలకో మళ్లించడం గురించి మీతోనే చర్చిస్తాం.

దాతలుగా మీరు ఏ సంస్థనైనా మూడు ప్రశ్నలు అడగండి: దేనితో పోల్చారు? ఎవరిని లెక్కలోంచి వదిలేశారు? తేడా యాదృచ్ఛికం కాదని ఎలా తెలుసు? ముందుగా మమ్మల్నే అడగండి.