ఆటలో పాత్ర మరణము

పులిజూదములో మేక చచ్చినచో నెవరును దుఃఖింపరు. చదరంగములో బంటు పోయినచో ఆటగాడు మఱియొక బంటును జరుపును. వైకుంఠపాళిలో పాము నోట బడిన కాయ క్రిందికి దిగునే గాని చావదు. అయితే ఒకవిధమైన క్రీడలో కల్పిత వ్యక్తి మరణించినప్పుడు ఆడువారు నిజముగా కన్నీరు పెట్టుకొనుట కలదు. దీనికి కారణమేమి? అట్టి మరణమును ఆటలో నుంచవలెనా, తీసివేయవలెనా? ఈ రెండు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

క్రీడాస్వరూపము

ఈ క్రీడకు రోల్‌ప్లేయింగ్ గేమ్ అని పేరు. నలుగురైదుగురు బల్ల చుట్టు గూర్చుందురు. ప్రతివాడును ఒక పాత్రను కల్పించి, దాని పేరును, గుణములను, ప్రాణబలమును కాగితముపై వ్రాసికొనును. ఒకడు నిర్వాహకుడై స్థలములను, శత్రువులను, సంభవములను వర్ణించును. తక్కినవారు తమ పాత్ర లేమి చేయునో చెప్పుదురు. ఫలితము సందేహాస్పదమైన చోట పాచికలు నిర్ణయించును.

మరణమునకు విలువ కలిగిన విధము

1971లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ అనువారు 'చైన్‌మెయిల్' అను యుద్ధక్రీడా నియమములను ప్రకటించిరి. అందలి మహాయుద్ధములలో ఒక్కొక్క బొమ్మ 20 మంది సైనికులకు ప్రతినిధి. అది పడిపోయినచో లెక్కలో తగ్గుదలయే గాని శోకము లేదు. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను క్రీడను వెలువరించిరి. ఇందు ఒక్కొక్క ఆటగాడు ఒక్క మనుష్యుని నడపును. ఆ మనుష్యుడు ఆటవెంట ఆట అనుభవము గడించి వృద్ధిపొందును. 20 మందికి గుర్తైన బొమ్మ ఒక్కనికి గుర్తైన నాడే దాని మరణమునకు విలువ కలిగెను.

ఆ తొలి నియమములు కఠినములు. క్రొత్త మాంత్రికుని ప్రాణబలమును ఆరు ముఖముల పాచిక నిర్ణయించును; శత్రువు దెబ్బను కొలుచునదియు అట్టి పాచికయే. కావున ఒక్క దెబ్బతో చచ్చుట వింతగాదు. 1977 నాటి 'ట్రావెలర్' అను క్రీడలోనైతే, పాత్రను సిద్ధపఱచుచుండగనే, ఆట మొదలుగాక మునుపే, అది మరణింపవచ్చును!

పిదప నియమములు మెత్తబడెను. 2014 నాటి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' నియమముల ప్రకారము ప్రాణబలము సున్నయైన పాత్ర వెంటనే చావక స్పృహ తప్పును. అంతట ఆటగాడు తన వంతు వచ్చినప్పుడెల్ల 20 ముఖముల పాచికను వేయును. 10 గాని అంతకు మించి గాని పడిన జయము, తక్కువైన అపజయము. మూడు జయములు ముందుగా వచ్చిన ప్రాణము నిలుచును. మూడు అపజయములు ముందుగా వచ్చిన మరణమే. ఈ నడుమ తోడివారు పరుగెత్తి రక్షింపవచ్చును. మరణమును తీసివేయక, స్నేహితుని సాయమునకు వ్యవధి యిచ్చుటయే యిందలి యుక్తి.

ఉభయ వాదములు

మరణ ముండవలెననువారు చెప్పునది: ఓటమి లేనిచో ధైర్యమునకు అర్థము లేదు. ఎన్నడును పడని వీరుడు వీరుడు కాడు. ఆలోచింపక గుహలోనికి దుమికినవాడును, దీపము పట్టుకొని మెల్లగా నడచినవాడును సమానముగా క్షేమముగా వెలుపలికి వచ్చినచో, జాగ్రత్త యెవడు నేర్చుకొనును?

వలదనువారు చెప్పునది: నెలల తరబడి పెంచిన పాత్ర ఒక్క చెడు పాచికతో నశించినచో కథ తెగిపోవును, పిల్లవాని ఉత్సాహమును చచ్చును. మఱియు మరణభీతి మితిమీరినచో ఎవరును సాహసింపరు.

రెండు వాదములలోను సత్యము గలదు. కాని పణముగా నొడ్డదగినది ప్రాణ మొక్కటియే గాదు. తప్పిపోయిన కుమారుని ఉపమానమును జ్ఞాపకము చేసికొనుడు. అతడు చావలేదు; తండ్రి అతని కౌగిలించుకొని విందు చేసెను. అయినను అతడు వ్యయపఱచిన భాగము తిరిగి రాలేదు. అన్న మనస్సును నొచ్చెను. క్షమ దొరకెను, ఫలితమును నిలిచెను. అట్లే ఆటలోను ఓడిన పాత్రను చంపక, కాపాడవలసిన గ్రామమునో, ఇచ్చిన మాటనో, మిత్రుని నమ్మకమునో పోగొట్టుకొనునట్లు చేయవచ్చును. అది కొన్ని వేళల మరణముకంటె బరువైనది.

2015లో వెలువడిన 'టెన్ కాండిల్స్' అను క్రీడలో పాత్రలన్నియు చివరకు మరణించునని అందఱును ముందే యెఱుగుదురు. అయినను ఆట నీరసము గాదు. ఉన్న కొద్ది సమయములో ఎవరి నెట్లు ఆదరించిరన్నదే అందలి పణము.

నిర్వాహకునకు హెచ్చరిక

జాలిచే పాచికను చాటున వేసి, పడినదొకటి, చెప్పినది వేఱొకటిగా చేయు నిర్వాహకులు కలరు. ఉద్దేశము మంచిదే, మార్గము మంచిది గాదు. ఆ సంగతి బయటపడిన దినమున పిల్లవాడు తన వెనుకటి విజయములను గూడ శంకించును. దయ చూపదలచినచో పాచిక వేయకమునుపే బహిరంగముగా జెప్పవలెను. "ఈ ఆటలో మరణము కలదా, లేదా?" అను విషయమును మొదటి దినముననే అందఱును గలసి నిశ్చయించుకొనవలెను. వేసిన పిమ్మట పడినదానిని పడినట్లే చదువవలెను.

తలిదండ్రులకు ఒక మాట: పాత్ర పోయినదని మీ బిడ్డ విచారించినచో నవ్వకుడు. ప్రక్కన గూర్చుండి ఆ కథ యేమో అడుగుడు. విద్యార్థులారా, మీరును మీ మిత్రుని పాత్ర పడిపోయినప్పుడు, అతడు క్రొత్త కాగితము తీసికొని మరల పేరు వ్రాయువఱకు బల్లయొద్ద అతని స్థానమును ఖాళీగా నుంచుడు. పాత్రకు మరణ ముండవచ్చును గాని స్నేహమునకు ఉండరాదు.